కవ్వాల పగిడయ్య

వెదురుకర్ర ఒక కొసను మోటారు నెత్తిన ఆనించి, రెండో కొసను కుడిచెవికి అదిమిపెట్టుకుని పగిడయ్య కళ్లు మూసుకున్నాడు. కాళ్ల కింద రేకు పడవ ఎగిరెగిరి పడుతోంది. బారెడు దూరంలో ఇనప రెక్కలు నల్లటి నీళ్లను పట్టుకుని చావగొడుతున్నాయి. కొట్టిన కొట్టుకి నీళ్లు నిలువెత్తు లేచి, చీలికలై, అతని వీపు మీద గులకరాళ్లలా వచ్చిపడుతున్నాయి. ఆ మోతలో పక్కన పిడుగు పడినా వినపడదు. పగిడయ్యకు మాత్రం కర్రలోంచి, మోటారు కడుపులో ఇనప గుండు ఒకటి అరిగిపోయి పక్కవాటిని కొరుకుతున్న చప్పుడు వినపడింది.

"బేరింగు పోయిందే నీకు," అన్నాడు కర్ర దించి, ఆ యంత్రంతోనే. "ఇంక పది దినాలన్న నడుస్తువు. గని పది గంటలు గూడ ఉంచరంట నిన్ను."

అయినా గ్రీజు డబ్బాలో చెయ్యి పెట్టి ముద్ద తీసి, మూత విప్పి దట్టంగా కూరాడు. ఉరి తీయబోయేవాడికి తలంటి పోసినట్టుంది ఆ పని.

తొంభై ఒకటో సంవత్సరం వేసవి అది. భద్రాచలానికి ఇవతల, గోదావరికి నాలుగు మైళ్ల ఎడంగా, అడవి కొట్టేసిన చోట కాగితం మిల్లు లేచి అప్పటికి పద్నాలుగేళ్లు. ముందు గేట్లోంచి లారీల మీద పచ్చ వెదురు లోపలికి పోయేది, పక్క గేట్లోంచి తెల్ల కాగితం బయటికొచ్చేది. అంత తెల్లబడడానికి ఆ వెదురు విడిచిన నలుపంతా వెనక కాలువలో పడి, ఊరచెరువంత గుంటలోకి దిగేది. కుళ్లిన గుడ్ల కంపు. కొత్తగా వచ్చినవాడు మొదటి రోజు అన్నం మానేస్తాడు, మూడో రోజు ఆ కంపు లేనిదే అన్నం దిగదంటాడు. అలా అని పగిడయ్య చెప్పేవాడు. అతను చెప్పిన వాటిలో సగం కోసి పారేయాలి.

ఆ నలుపును కంటికి ఆనని పురుగులు తింటాయట. తినాలంటే వాటికి ఊపిరాడాలి. ఊపిరాడాలంటే నీళ్లలోకి గాలి కొట్టాలి. అందుకని ఆరు యంత్రాలు తెచ్చి, డొల్ల డ్రమ్ముల మీద తేలేట్టు చేసి, ఇనప తాళ్లతో గట్లకు కట్టేశారు. కాగితాల మీద వాటి పేరు ఏరేటర్లు. మనుషుల నోట్లో కవ్వాలు. పగలూ రాత్రీ చిలుకుతూనే ఉంటాయి గనక ఆ పేరు కుదిరింది. వాటికి గ్రీజు పెట్టి, తాళ్లు బిగించి, రెక్కలకు చుట్టుకున్న గుడ్డపీలికలూ వెదురు పీచూ కోసి తీసే మనుషులు ఆరుగురు. రెక్క నీళ్ల అడుగున ఇరుక్కుంటే మోటారు ఆపి, నోట్లో కత్తి కరుచుకుని ఆ నల్ల నీళ్లలోకి దిగేవాడు మాత్రం ఒక్కడే. అందుకే మిగతా ఐదుగురివి ఉత్త పేర్లు, ఇతనిది కవ్వాల పగిడయ్య.

యాభై దాటిన మనిషి. ఛాతీ మద్ది మొద్దులా ఉండేది. జుట్టు నెరవలేదు. మిల్లు నీళ్లకు ఉడికి జొన్నపీచు రంగుకు తిరిగింది. గోళ్లు పచ్చగా, దళసరిగా ఉండేవి. మోకాళ్ల కింద పుండ్లు ఒకటి మానితే ఒకటి లేచేవి. ఎడమచేతికి చిటికెనవేలూ దాని పక్క వేలూ లేవు.

అవి ఎలా పోయాయని అడిగినవాళ్లను పగిడయ్య ఎన్నడూ నిరాశపరచలేదు. బస్సు కండక్టరుతో మొసలి నమిలిందన్నాడు. దవాఖానాలో నర్సమ్మతో పులి అన్నాడు. ఇల్లందు నుంచి వచ్చిన బొగ్గు బాయి మేస్త్రీతో, రెండో పెండ్లి మాటెత్తినందుకు తన ఆడది ఎర్రమ్మ కొరికి మింగిందని, ఎర్రమ్మ ముందే చెప్పాడు. ఆమె కాదనలేదు. "చేదుగున్నయ్," అంది.

నిజం నాలుగో కవ్వానికి తెలుసు. మిల్లు పెట్టిన ఆరో ఏట, నడుముకి తాడు కట్టుకుంటే గాని దిగొద్దని రూలు పెట్టారు. కట్టుకుని దిగాడు. పీచు కోసేలోపు గట్టు మీద ఎవడో పని అయిపోయిందనుకుని మోటారు వేశాడు. రెక్క మనిషిని అందుకోలేదు, తాడును అందుకుంది. తాడు మనిషిని తీసుకొచ్చి రెక్కకు అప్పజెప్పింది. ఎడమచెయ్యి అడ్డం పెట్టి, కుడిచేతి కత్తితో తాడు కోసుకుని పైకి తేలాడు. రెండు వేళ్లు లోపలే ఉండిపోయాయి. అప్పటినుంచీ తాడంటే మండిపడేవాడు.

"నీళ్లు నన్నేం జెయ్యయి. తాడే సంపుతది మనిషిని."

నీళ్లు నిజంగానే అతన్నేమీ చేయలేదు. ఎనభై ఆరు వరదలో గోదారి అడ్డంగా ఈదాడు. మధ్యలో ఒక టేకు దుంగ దొరికితే పట్టుకున్నాడట. రెండో కొసను ఒక ఎలుగుబంటి పట్టుకుని ఉందట. "నేను దాని దిక్కు జూడలే, అది నా దిక్కు జూడలే. ఒడ్డు దొరికినంక ఎవల తొవ్వల వాళ్లం పోయినం." ఈ కథ మొదటిసారి చెప్పినప్పుడు అది ఎలుగు పిల్ల. ఐదేళ్లలో పెరిగి పెద్దదైంది. ఈదడం మాత్రం అబద్ధం కాదు, చూసినవాళ్లున్నారు.

అయితే ఎంత ఈతగాడైనా ఎరగని నీళ్లలో ఊరికే దిగేవాడు కాదు. వాళ్ల కోయగూడెంలో ఒక పద్ధతి ఉంది. కొత్త మడుగులో దిగేముందు, భుజాన వేలాడే సొరకాయ బుర్రను, అందులో జావ ఉండగానే, నీళ్లలోకి విసరాలి. బుర్రను మడుగు కిందికి గుంజిందా, లోపల సుడి ఉంది, దిగకూడదు. మూతి పైకెత్తుకుని తేలుతూ నిలిచిందా, నీళ్లు సెలవిచ్చినట్టు. తండ్రి చెప్పాడు, తండ్రికి ఆయన తండ్రి చెప్పాడు. గోదారి రేవుల్లోనూ, వాగు గుండాల్లోనూ, చివరికి మిల్లు గుంటలోనూ పగిడయ్యకు ఆ బుర్ర తప్పు చెప్పలేదు.

ఆ ఉదయం కూడా అది భుజానే ఉంది. ఇంటి దగ్గర ఎర్రమ్మ జొన్నజావ నింపి, ఆకు చుట్టి మూత బిగించి చేతికిస్తూ అన్నది ఒక్కటే. "బుర్ర మర్సిపోయి రాకు. నీ తలకాయన్న మర్సిపోతె పాయె. గిసొంటి బుర్ర మళ్ల కాయదు."

* * *

ఎనిమిది గంటలకు ట్రాక్టరొచ్చింది, ఆఖరి కవ్వాన్ని గట్టుకు లాగడానికి. మిగతా ఐదింటినీ ఆ వారంలోనే లాగేశారు. గుంట పక్కనే కొత్తగా సిమెంటు తొట్టి కట్టారు, మూడు నిలువుల లోతు. దాని అడుగంతా పైపులు పరిచి, పైపుల మీద పళ్లేలంత రబ్బరు బిళ్లలు బిగించారు. బిళ్లకు సూదిమొన పట్టేంత బెజ్జాలు వేలకు వేలు. షెడ్డులో మూడు బ్లోయర్లు గాలిని ఊదితే అది పైపుల్లో పరుగెత్తి, ఆ బెజ్జాల్లోంచి నురగలా పైకొస్తుంది. కవ్వాలు నీళ్ల ముఖాన్నే కొడతాయనీ, అడుగున పురుగులు ఊపిరాడక చస్తున్నాయనీ, కరెంటంతా అవే తింటున్నాయనీ ఇంజనీరు వెంకటనారాయణ రెండేళ్లు పోరి దీన్ని తెచ్చాడు. సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన రైతుబిడ్డ. ముప్పై ఐదేళ్లుంటాయి. మనిషి మంచివాడు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి చొక్కా గుండీ పట్టుకుని మాట్లాడతాడు.

ట్రాక్టరుకు గొలుసు తగిలించారు. పగిడయ్య పడవలో వెళ్లి కవ్వానికి కట్టిన ఇనప తాళ్లు మూడు విప్పాడు. నాలుగోది తుప్పు పట్టి రాలేదు. "ఆగుండ్రి," అని అరిచాడు. ట్రాక్టరు మోతలో ఎవడు వింటాడు? చక్రాలు గట్టు మన్ను చీల్చుకుంటూ లాగాయి. తాడు తీగలా బిగిసి, కూసి, తెగింది.

తెగిన ఇనప తాడు పాము కంటే వేగం. ఈల వేస్తూ గాలిని కోసుకుంటూ వచ్చి, గట్టు మీది నీలగిరి మొక్కను నడుముకు నరికి, ట్రాక్టరు మడ్‌గార్డును అట్టముక్కలా చీల్చి, తిరుగుదెబ్బలో పగిడయ్య కుడిభుజం మీద జానెడు తోలు ఊడబెరికి నీళ్లలో పడింది. కవ్వం గట్టెక్కి బోర్లా పొర్లింది. కరెంటు తీసేసినా దాని ఊపు చావలేదు. రెక్కలు మట్టిని కోసి కోసి ఎగజిమ్మాయి. ఒక డ్రమ్ము పగిలి నల్ల నీళ్లు కక్కింది. పీక తెగిన పంది కాళ్లు కొట్టుకున్నట్టు కొట్టుకుని, ఒణికి, ఆగింది.

పగిడయ్య పడవ దిగి నేరుగా ట్రాక్టరు దగ్గరికి నడిచాడు. డ్రైవరును మెడ పట్టి కిందికి లాగి, ముఖం మీద రెండు గుద్దాడు. మూడోది గుద్దబోతుంటే ధన్‌సింగ్ వెనక నుంచి నడుం పట్టుకున్నాడు.

ధన్‌సింగ్ పక్క తండా మనిషి, లంబాడీ. నలభై ఏళ్లు. ఇద్దరూ ఒకేరోజు పనిలో చేరారు. పద్నాలుగేళ్లలో నెలకొకసారైనా కొట్టుకోకుండా లేరు, రోజుకొక బీడీ పంచుకోకుండానూ లేరు.

"ఇడువు," అన్నాడు పగిడయ్య.

"ఆణ్ని గొడితె నీ కవ్వం లేస్తదా పగిడన్నా? సచ్చింది. దినం జెయ్యి."

"ఇడువుమన్న."

"దినం ఎప్పుడు? కోడిని కోస్తవా, యాటను కోస్తవా? కవ్వం పోయినంక నువ్వు గూడ సతీసహగమనమేనా?"

పగిడయ్య మోచెయ్యి వెనక్కి పొడిచాడు. ధన్‌సింగ్ మూతి పగిలింది. అంతే, ఇద్దరూ ఒకర్నొకరు కరుచుకుని గట్టు మీంచి బురదలోకి దొర్లారు. పిడికిళ్లు, మోకాళ్లు, పళ్లు. ధన్‌సింగ్ అతని భుజం పుండు మీదే వేళ్లు గుచ్చి నొక్కాడు. పగిడయ్య అరవలేదు, అతని తల జుట్టు పట్టి బురదలో మూడుసార్లు ముంచి తీశాడు. పని వాళ్లు చుట్టూ నిలబడి చూశారు గాని విడదీయలేదు. వాళ్లను విడదీయబోయి దెబ్బలు తినడం అప్పటికి అందరికీ అనుభవమే.

"గిదంత దేనికో నాకెర్కలేదా?" ధన్‌సింగ్ ఆయాసపడుతూ అన్నాడు. "నా పేరు రాసిండ్రని. అవ్, రాసిండ్రు. ఏడో క్లాసు సదివిన. బ్లోయరు ముల్లు ఏడున్నదో సూసి రాస్త. నువ్వేం రాస్తవు? ఏలుముద్ర గూడ సగమే నీది."

అసలు దెబ్బ అదీ.

కొత్త తొట్టికి ఆరుగురు అక్కర్లేదు, ఇద్దరు చాలు. ఒక పేరు ధన్‌సింగ్‌ది. రెండోది సాయంత్రం చెబుతానని వెంకటనారాయణ అన్నాడు. మిగతావాళ్లకు పొలమో పుట్రో ఉంది. పగిడయ్యకు మిల్లు ప్రహరీ వెనక తాటాకు పాక తప్ప ఇంకేమీ లేదు. పని పోతే పాకా పోతుంది. ఊరికి పోదామా అంటే ఊరు అతనికి మూడేళ్ల కిందటే పోయింది.

ఊరు ఇప్పలగుంపు. వాగు దిగువన ఉంటుంది. మూడేళ్ల కిందట ఎండాకాలంలో గుంట పొర్లి వాగులో కలిసింది. చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. పగిడయ్య చెల్లెలు జంపక్క గేదెలు రెండు ఆ నీళ్లు తాగి పొట్టలుబ్బి చచ్చాయి. అదే వారం ఇతను మామిడి కొత్తల పండక్కి మిల్లు బట్టలతో ఊళ్లోకి దిగాడు. గేదెల తోలు వొలుస్తున్న బావ దూలయ్య కత్తి కింద పెట్టి కర్ర అందుకున్నాడు. "ఆ ఇసం సిలికి పంపేది నువ్వే గదరా," అన్నాడు. మొదటి దెబ్బ అతనిది. తర్వాతివి ఎవరెవరివో లెక్కలేదు. పక్కటెముకలు మూడు విరిగాయి. ఆఖరున జంపక్కే వచ్చి, జుట్టు పట్టి పొలిమేర దాకా ఈడ్చి వదిలింది. "మళ్ల వస్తే నేనే సంపుత," అంది. అది తిట్టిందో కాపాడిందో పగిడయ్యకు ఇప్పటికీ తేలలేదు. మిల్లులో మాత్రం పదకొండు మందిని పడగొట్టి వచ్చానని చెప్పుకున్నాడు. ఆ గొడవకే పై నుంచి ఆఫీసర్లు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. ఆ సీసాల వల్లే కొత్త తొట్టి వచ్చింది. తన ఎముకలు విరిగి పుట్టిన తొట్టి తననే పొమ్మంటోందని పగిడయ్యకు అప్పుడప్పుడూ నవ్వొచ్చేది.

బురదలో పక్కపక్కన వెల్లకిలా పడి ఇద్దరూ కాసేపు ఆకాశం చూశారు. ధన్‌సింగ్ ఊడిన పన్ను ఒకటి ఉమ్మి, చేతిలోకి తీసుకుని చూసుకున్నాడు.

"బీడీ ఉన్నదా?" అన్నాడు పగిడయ్య.

"తడిసింది."

"తే. ఎండవెడ్త."

* * *

పదకొండుకు బ్లోయర్లు వేశారు.

మొదట ఏమీ కాలేదు. నిండు తొట్టి నల్లగా, నూనె పోసినట్టు నిలబడి ఉంది. ఉన్నట్టుండి అడుగున ఏదో మేల్కొన్నట్టు నీళ్లు ఉబ్బాయి. వేల బెజ్జాల్లోంచి గాలి లేచి తొట్టి ఈ కొస నుంచి ఆ కొసకు తుకతుకా ఉడికింది. నలుపు బూడిదరంగైంది, బూడిదరంగు తెల్లబడింది. నీళ్ల కొట్టుడు లేదు, చప్పుడు లేదు. షెడ్డులో బ్లోయర్ల గుర్రు తప్పితే అంతా మెత్తగా ఉంది.

"అన్నం ఉడికినట్టున్నది సారూ," అన్నాడు పగిడయ్య, తొట్టి చుట్టూ కట్టిన ఇనప కటకటా పట్టుకుని వంగి చూస్తూ. పగిలిన పెదవితో నవ్వాడు. "గంజి వార్సాల్నా?"

వెంకటనారాయణ అతని చొక్కా గుండీ పట్టుకుందామని చూశాడు. చొక్కాకు గుండీలు మిగల్లేదు.

"నవ్వకు. చెప్పేది విను పగిడయ్యా. ఇవి ఆ గుంట నీళ్లు కావు. దీన్నిండా గాలే. గాలి కలిసిన నీళ్లు మనిషిని మోయవు. నీలాంటి ఈతగాడైనా సరే, పడ్డాడంటే రాయిలా దిగిపోతాడు. తెలిసిందా? అందుకే కటకటా కట్టించింది. నిచ్చెన రేపు బిగిస్తారు. అప్పటిదాకా అంచుకు ఎవరూ రావద్దు."

"నీళ్లు మొయ్యకపోవుడేంది సారూ? నీళ్లకు ఇంకేం పని?"

"వీటి పని పురుగుల్ని బతికించడం. ఇక ఎవరూ నీళ్లలో దిగాల్సిన అవసరమే రాదు. అదే దీని గొప్ప."

మంచిమాటే అన్నాడు ఆయన. పగిడయ్యకు మాత్రం భుజం మీద తెగిన తాడు మళ్లీ తగిలినట్టైంది. దిగాల్సిన అవసరమే రాకపోతే దిగేవాడితో ఏం పని? తల ఊపి, షెడ్డు నీడలో కూర్చుని, బుర్ర మూత విప్పి సగం జావ తాగాడు. మిగతా సగం మధ్యాహ్నానికి దాచాడు.

రెండు గంటల వేళ తొట్టి తూర్పు మూల పగిలింది. అంటే గోడ కాదు, నీళ్లు. అడుగున ఎక్కడో పైపు అతుకు ఊడి, గాలంతా ఒక్కచోటే తన్నుకొచ్చింది. తాటిచెట్టంత లేచింది అంటే అబద్ధం, సగం తాటిచెట్టంత లేచింది. కటకటా వంగింది. అక్కడున్న రేకు డబ్బా ఎగిరి షెడ్డు కప్పు మీద పడింది. తక్కిన తొట్టిలో నురగ చల్లబడడం మొదలైంది.

వెంకటనారాయణ వేళ్ల మీద లెక్కేశాడు. తొట్టి ఖాళీ చేయాలి. ఖాళీ చేసి అతికి మళ్లీ నింపడానికి మూడు రోజులు. ఎల్లుండి తొట్టి చూడడానికి ఆఫీసర్లొస్తున్నారు. పాత గుంటలో ఒక్క కవ్వం లేదు. మిల్లు ఆగదు. అంటే ఈ మూడు రోజులూ నలుపంతా ఉన్నదున్నట్టు వాగులోకే.

"నేను దిగి కడ్త సారూ," అన్నాడు పగిడయ్య. "లారీ ట్యూబు ముక్కుంటె సాలు. నాలుగు సుట్లు సుట్టి నైలాను తాడు బిగిస్తె గాలి కాదు గదా, దాని తాత గూడ బయటికి రాడు."

"నోర్మూసుకో. పొద్దున చెప్పింది మర్చిపోయావా? నేను పెద్దాఫీసుకెళ్లి అడిగొస్తాను. ఎవరూ అంచుకు పోవద్దు. ధన్‌సింగ్, నువ్వు చూడు." స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

స్కూటరు దుమ్ము అణగకముందే పగిడయ్య చొక్కా విప్పాడు. ట్రాక్టరు వాడి దగ్గర పాత ట్యూబు ముక్క అడుక్కుని (వాడు ముక్కు మీద గుడ్డ అదుముకునే విసిరేశాడు) పొడుగ్గా చీరి నడుముకి చుట్టుకున్నాడు. నైలాను తాడు తుంట పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"పోనియ్యను," అన్నాడు ధన్‌సింగ్.

"నీ పేరు రాసిండ్రు గద. ఇంకేంది?"

"గందుకే గాదు..."

"సారు వచ్చేటాల్లకు గా గాలి నిమ్మళం కావాలె. అప్పుడు అడుగుత, దిగెటోని పని ఉన్నదా లేదా అని. నువ్వు షెడ్ల నిలవడు. మిషన్ ఆపకు. ఆపితె బుడగలుండయి. బుడగలు లేకపోతె గా సీకట్ల అతుకు యాడున్నదో నాకెట్ల దొరుకుతది?"

అందులో న్యాయం ఉంది. ధన్‌సింగ్ తల గోక్కున్నాడు. "నడుముకు తాడన్న కట్టుకో."

పగిడయ్య ఎడమచెయ్యి ఎత్తి, మిగిలిన మూడు వేళ్లు అతని ముఖం ముందు ఆడించాడు.

అప్పుడు భుజాన్నుంచి బుర్ర తీశాడు. ఆకు మూత బిగించి, రెండు చేతులతో పట్టుకుని, వాళ్ల భాషలో ఏదో గొణిగి, తొట్టి నడిమికి విసిరాడు. తెల్లటి నురగలో ఆ సగం ఖాళీ బుర్ర మునిగింది. ధన్‌సింగ్ కటకటా మీంచి వంగాడు. మరుక్షణం అది పైకి లేచి, ఎగిరి, ఊగి, మూతి ఆకాశానికి పెట్టుకుని నిలబడింది. కిందినుంచి బుడగలు తన్నుతుంటే, తొడ మీద ఆడించే పసిబిడ్డలా గంతులు వేసింది.

"సూసినవా? సెలవిచ్చింది," అన్నాడు పగిడయ్య. "సారు సదువు సారుది. నీళ్లు నీళ్లే."

కటకటా దాటి కాళ్లు కిందికి పెట్టి జారాడు.

* * *

దిగడం ఇంత సుళువని అతనికి ఎన్నడూ తెలీదు. గుంటలో తలకిందులై తన్నితే గాని లోపలికి రానిచ్చేవి కావు నీళ్లు. ఇక్కడ చేతులు వదిలేసరికి, పరిచిన దూది మీంచి జారినట్టు, నేరుగా అడుగుకు పోయాడు. పాదాలకు సిమెంటు తగిలింది. మంచిదే, పని తొందరగా అవుతుందనుకున్నాడు. చీకటి. గాలి అతని ఒంటినిండా చీమల్లా పాకింది. తూర్పు మూలకు నాలుగడుగులు వేసేసరికి ఊడిన అతుకు ముఖం మీద గుద్దింది. పొద్దుటి దెబ్బలన్నీ ఒకటై కొట్టినట్టు కొట్టింది. తల పక్కకు తిప్పి పైపును కాళ్ల మధ్య బిగించి, రెండు కొసలూ దగ్గరికి తోసి, ట్యూబు చుట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తాడు వేసి మూడు వేళ్లతోనూ పళ్లతోనూ ముడి బిగించాడు. గుద్దుడు ఆగింది. చేత్తో తడిమి చూసి, ఆ ముడిని గేదె వీపు చరిచినట్టు చరిచాడు.

ఇక పైకి. కాలు తన్నాడు.

కాలికి ఏమీ దొరకలేదు. మళ్లీ తన్నాడు. రెండు చేతులూ చాపి కిందికి నొక్కాడు. గోదారైనా, వాగైనా, ఆ విషపు గుంటైనా, నొక్కితే ఎదురు నొక్కేవి. ఇవి పక్కకు తప్పుకున్నాయి. మూరెడు లేచాడో లేదో, పాదాలు మళ్లీ సిమెంటుకే ఆనాయి. అతనికి ముందు భయం వేయలేదు, కోపం వచ్చింది. మాటిచ్చి తప్పినవాడి మీద వచ్చే కోపం. పిడికిలి బిగించి ఆ నీళ్లను కొట్టాడు. కొట్టడానికి కూడా అవి దొరకలేదు. గోడ దగ్గరికి నడిచాడు. కొత్త సిమెంటు, గాజులా నున్నగా ఉంది. గోళ్లతో పట్టు వెతికాడు.

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ ధన్‌సింగ్‌కు తూర్పు మూల నీళ్లు కూలడం కనపడింది. సగం తాటిచెట్టు మనిషెత్తైంది, మోకాలెత్తైంది, చదునైపోయింది. తొట్టి అంతటా నురగ మళ్లీ సమంగా లేచింది. "ముసలి దొంగ! కట్టిండు!" అని గట్టిగా నవ్వాడు. నవ్వితే మూతి నొప్పెట్టింది. పొద్దున ఎండబెట్టిన బీడీ ముట్టించుకున్నాడు. సగం తాగి, తక్కిన సగం పగిడన్నకు ఉంచుదామని వేళ్ల మధ్య పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడో అప్పుడో తల లేస్తుంది, ఏదో ఎలుగుబంటి కథ మొదలవుతుంది అనుకుంటూ నీళ్లకేసి చూశాడు. నీళ్ల మీద బుర్ర ఒక్కటే ఉంది. బీడీ వేళ్లు కాలేదాకా చూశాడు. అప్పుడు కేక వేసి స్విచ్చుల మీద పడ్డాడు.

బ్లోయర్లు ఆగాయి. ఉడుకు చల్లారింది. నీళ్లు మళ్లీ నల్లగా, బరువుగా, మనిషిని మోయగలిగే నీళ్లయ్యాయి. మోయడానికి ఆలస్యమైంది. పొడుగు కొక్కెంతో లాగారు. పది నిమిషాలు పట్టింది. పచ్చటి గోళ్లు నాలుగు విరిగి, వాటి కింద సిమెంటు పొడి ఉంది.

వెంకటనారాయణ స్కూటరు స్టాండు కూడా వేయకుండా వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. చల్లారిన తొట్టినీ, గట్టు మీద పడుకోబెట్టిన మనిషినీ చూసి, అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "రెండోది నీ పేరేనయ్యా, కుర్చీలో కూర్చోమందామనుకున్నా," అన్నాడు ఎవరికీ వినపడకుండా.

ఎర్రమ్మ వచ్చింది. ఏడవలేదు. ముందు ధన్‌సింగ్ దగ్గరికి వెళ్లి రెండు పిడికిళ్లతో అతని ఛాతీ మీదా ముఖం మీదా కొట్టింది, ఊపిరి అందనంతసేపు కొట్టింది. అతను చేతులు వేలాడేసుకుని నిలబడి తిన్నాడు. తర్వాత మొగుడి పక్కన కూర్చుని, ఆ మూడు వేళ్ల చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, భుజం తడిమింది.

"బుర్రేది?"

ధన్‌సింగ్ తొట్టి నడిమికి చూపించాడు. కొక్కెం అందుకున్నాడు. "తీస్త వదినా."

ఆమె చూసింది. చూసి తల అడ్డంగా ఊపింది. "ఉండనియ్. సగం జావున్నది దాంట్ల. ఆయనకు దూపయితది."

పొద్దు గుంకే ముందు, అతన్ని మోసుకుపోయాక, నలుపు ఆగేది కాదు గనక మళ్లీ బ్లోయర్లు వేశారు. అతుకు పట్టుకుంది. గాలి ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కతీరుగా లేచింది. ఆ తెల్లటి ఉడుకులో, ఆకు మూత చెదరకుండా, మూతి ఆకాశానికి ఎత్తుకుని సొరకాయ బుర్ర గంతులు వేస్తూనే ఉంది.